రోడ్ బైక్ గేర్లు సరిగ్గా పడకపోతే: స్క్రూల జోలికి పోయే ముందు చూడాల్సినవి

రోడ్ బైక్‌లో గేరు సరిగ్గా పడట్లేదంటే చాలామంది చేతికి మొదట వచ్చేది స్క్రూడ్రైవర్. వెనక డీరెయిలర్ (చైనును ఒక పళ్లచక్రం మీది నుంచి ఇంకోదాని మీదికి జరిపే పరికరం) మీద రెండు చిన్న స్క్రూలు ఎదురుగా కనిపిస్తుంటాయి కాబట్టి ఒకదాన్ని అటు పావు చుట్టు, ఇంకోదాన్ని ఇటు అర చుట్టు తిప్పి చూస్తారు. సాయంత్రమయ్యేసరికి పాత జబ్బు అలాగే ఉంటుంది, దానికి కొత్తది ఇంకోటి తోడవుతుంది. నిన్నటిదాకా చక్కగా పడిన గేరు ఇవాళ మొరాయిస్తోందంటే తప్పు ఆ స్క్రూలది కాదు. అవి వాటంతట అవి తిరగవు. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య మారింది వేరే ఉంది: గేరు వైరు ఢీలా అయింది, లేదా వైరు తొడుగు లోపల దుమ్ము పట్టింది, లేదా డీరెయిలర్‌ను ఫ్రేముకు కలిపే హ్యాంగర్ అనే ముక్క వంగింది. నూటికి తొంభై కేసులు ఈ మూడింట్లోనే తేలిపోతాయని నా గట్టి నమ్మకం.

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు తొక్కేవాళ్లకు ఈ మూడూ ఎక్కువే. చెలకల మధ్య నుంచి పోయే రోడ్లమీద ఎర్రదుమ్ము. యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, గాలికి పొట్టు లేస్తుంది. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లుల దగ్గర ఊకపొడి గాలిలోనే ఉంటుంది. ఇక సైకిలును ఆర్టీసీ బస్సు డిక్కీలో పడుకోబెట్టి తెచ్చుకునేవాళ్లకు హ్యాంగర్ బెంగ ఎప్పుడూ ఉండేదే. మన ఊళ్లల్లో సైకిల్ మేస్త్రీలు పంచరు, బేరింగు, చక్రం బెండు తీయడంలో ఆరితేరినవాళ్లు. కానీ రోడ్ బైక్ డీరెయిలర్లు వాళ్ల షాపుకు వచ్చేది అరుదు. కాబట్టి ఈ పని మీరే నేర్చుకోవాలి. నేర్చుకుంటే కష్టమైనదేం కాదు, వరస తప్పకుండా పోతే చాలు.

సామాను, ఏర్పాటు

4, 5 మిల్లీమీటర్ల ఎలన్‌కీలు, ఒక చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్, పాత బనియన్ గుడ్డ, చైన్ ఆయిలు, స్టీలు స్కేలు. కొన్ని కొత్త డీరెయిలర్లకు స్టార్ స్క్రూడ్రైవర్ బదులు 2 మిల్లీమీటర్ల ఎలన్‌కీ కావాలి, ముందే చూసుకోండి.

వెనక చక్రం గాల్లో తిరగాలి. దానికి స్టాండే కొననక్కర్లేదు. ఇంట్లో ఉయ్యాల కొక్కెం ఉంటే సరే, లేకపోతే దూలానికో వేపకొమ్మకో తాడు కట్టి, సీటు ముక్కును అందులో వేలాడదీయండి. వెనక చక్రం నేల నుంచి జానెడు లేస్తే చాలు, ముందు చక్రం నేలమీదే ఉండనివ్వండి. సైకిలును తలకిందులు చేసి పెట్టొద్దు. అలా పెడితే బరువంతా హ్యాండిల్ మీద, గేర్లు మార్చే షిఫ్టర్ల మీద పడుతుంది, కుడి ఎడమలు తారుమారై మీ బుర్ర కూడా తిరుగుతుంది.

ఏ వైపు మొరాయిస్తోంది?

వెనక గేర్ల సంగతి ఒక్కటి మనసులో పెట్టుకోండి. వైరును లాగితే చైను క్యాసెట్‌లోని (వెనక చక్రం ఇరుసు మీది పళ్లచక్రాల గుత్తిలోని) పెద్ద చక్రం వైపు ఎక్కుతుంది. వైరు వదిలితే డీరెయిలర్‌లో ఉన్న స్ప్రింగు చైనును చిన్న చక్రం వైపు లాక్కుంటుంది. అంటే ఎక్కించేది మీ వేలు, దించేది స్ప్రింగు. ఈ సంగతి తెలిస్తే సగం జబ్బు కనిపెట్టినట్టే.

ఒక చేత్తో పెడల్ తిప్పుతూ, ఇంకో చేత్తో ఒక్కొక్క క్లిక్కు వేస్తూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి అన్ని గేర్లూ ఒకసారి తిరిగి రండి. పెద్ద చక్రం వైపు ఎక్కడానికి తటపటాయిస్తూ, చిన్న వైపు మాత్రం టక్కున దిగుతోందంటే వైరు ఢీలాగా ఉంది. ఇది అన్నిటికంటే తేలిక జబ్బు, వైరు బిగుతు సరిచేసే చిన్న మర, అంటే బ్యారెల్, తిప్పితే పోతుంది. కొత్త సైకిలుకు మొదటి కొన్ని వారాల్లో ఇది దాదాపు ప్రతివాళ్లకీ వస్తుంది. వైరు సాగిందంటారు గానీ ఎక్కువగా జరిగేది ఔటర్ (వైరు పైతొడుగు) కొసలు వాటి గూళ్లలో సర్దుకుని కూర్చోవడమే.

దీనికి తిరగబడి, ఎక్కడం బాగానే ఉండి దిగడం ఆలస్యమవుతోందనుకోండి. ఒక క్లిక్కు వేస్తే ఏమీ జరగదు, రెండో క్లిక్కుకు ఒక్కసారిగా రెండు గేర్లు దిగుతాయి. అప్పుడు స్ప్రింగు తన పని తాను చేయలేకపోతోంది, వైరు ఎక్కడో పట్టేస్తోంది. దుమ్ము, తుప్పు, నలిగిన ఔటర్, వీటిలో ఏదో ఒకటి. మన ప్రాంతంలో నేను ఎక్కువగా చూసేది ఇదే, ఎక్కువమంది తప్పుగా చదివేదీ ఇదే. గేరు పడట్లేదు కదా అని వైరు ఇంకా బిగిస్తారు, దాంతో దిగడం ఇంకా మందగిస్తుంది.

చిన్న చక్రాల్లో నిశ్శబ్దంగా ఉండి పెద్దవాటి దగ్గర గరగరలాడుతూ, పెద్దవాటికి సరిచేస్తే చిన్నవి చెడుతూ, ఎంత తిప్పినా రెండు వైపులా ఒకేసారి కుదరట్లేదా? బ్యారెల్ వదిలేసి హ్యాంగర్ చూడండి. హ్యాంగర్ నిటారుగా ఉంటే షిఫ్టరూ డీరెయిలరూ జత కుదరనివి అయ్యుండొచ్చు.

గేరు మార్చకుండానే, గడ్డ ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే పెడల్ ఒక్కసారి జారి టక్కుమంటోందంటే అది చైను, క్యాసెట్ అరుగుదల. దాని సంగతి చివర్లో చెబుతాను. చైను పెద్ద చక్రం దాటి స్పోకుల్లో పడుతుంటే మాత్రం ఆ సైకిలు తొక్కొద్దు. డీరెయిలర్ స్పోకుల్లో చిక్కుకుంటే వెనక చక్రం ఉన్నచోటే బిగుసుకుపోతుంది, పక్కన లారీ పోతుంటే ఆ పడడం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

మొదట శుభ్రం

మురికి చైను మీద ఏ సర్దుబాటూ నిలవదు. గుడ్డకు కొంచెం కిరోసిన్ పట్టించి చైనును అందులో పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పండి. గుడ్డ మారుస్తూ నలుపు తగ్గేదాకా చేయండి. డీరెయిలర్‌లో ఉండే రెండు చిన్న జాకీ వీళ్ల అంచున నల్లగా పేరుకున్న జిడ్డును గోటితోనో స్క్రూడ్రైవర్ కొసతోనో గీకేయండి. కిరోసిన్ చక్రం ఇరుసులోకి, బేరింగుల్లోకి పోకూడదు. అందుకే గుడ్డకు పట్టించమంటున్నాను, చైను మీద గుమ్మరించమనట్లేదు.

చైను ఆరాక ఒక్కో లింకు రోలరు మీద ఒక్కో చుక్క ఆయిలు వేసి, పెడల్ ఒక నిమిషం తిప్పి, పైన మిగిలిందంతా పొడిగుడ్డతో తుడిచేయండి. ఆయిలు ఉండాల్సింది రోలరు లోపల. బయట మిగిలింది ఎర్రదుమ్మును పిలిచి కూర్చోబెట్టుకుంటుంది. మోటార్‌సైకిల్ షాపులో తీసేసిన ఇంజన్ ఆయిలు ఊరికే ఇస్తారని తెచ్చి పోయకండి. అందులో అప్పటికే లోహపు పొడి ఉంటుంది, పైగా చిక్కగా ఉండి దుమ్మునంతా పట్టుకుంటుంది. చైన్ ఆయిలు చేతిలో లేని రోజు కుట్టుమిషన్ ఆయిలు వేసుకోవచ్చు, కాకపోతే అది పల్చన, తొందరగా పోతుంది.

హ్యాంగర్

వెనక డీరెయిలర్‌ను ఫ్రేముకు కలిపే చిన్న ముక్కే హ్యాంగర్. ఎక్కువ రోడ్ బైకుల్లో అది అల్యూమినియంతో, విడిగా ఊడదీసి మార్చేలా ఉంటుంది. సైకిలు కుడివైపు పడినప్పుడు ఫ్రేముకో డీరెయిలర్‌కో దెబ్బ తగలకుండా తాను వంగిపోవడానికే దాన్ని అలా మెత్తగా చేస్తారు. కాబట్టి సైకిలు కుడివైపుకు పడితే, పడింది నిలబెట్టి ఉన్న సైకిలే అయినా, హ్యాంగర్‌ను అనుమానించాల్సిందే.

చూసే ముందు వెనక చక్రం దాని గూట్లో సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోండి. పంచరు వేశాక చక్రం కొంచెం ఒరిగి బిగిస్తే గేర్లన్నీ తప్పుతాయి, దానికి హ్యాంగర్‌ను తిట్టి లాభం లేదు. చక్రం వదులు చేసి, సైకిలును నేలమీద నిలబెట్టి, పైనుంచి బరువు మోపి మళ్లీ బిగించండి. డీరెయిలర్‌ను హ్యాంగర్‌కు పట్టి ఉంచే బోల్టు కూడా కదులుతోందేమో ఎలన్‌కీతో చూడండి.

ఇప్పుడు చైనును మధ్య గేరులో పెట్టి, సైకిలు వెనక రెండు మూడడుగుల దూరంలో గొంతుక్కూర్చోండి. కంటిని క్యాసెట్ ఎత్తుకు దించండి. పై జాకీ వీలు, కింది జాకీ వీలు, చైను ఉన్న పళ్లచక్రం, మూడూ ఒకే నిట్టనిలువు గీతలో ఉండాలి. కింది జాకీ వీలు చక్రం వైపు లోపలికి వంగి ఉంటే హ్యాంగర్ లోపలికి వంగింది. కుడివైపు పడిన సైకిళ్లలో తొంభై పాళ్లు ఇలాగే ఉంటుంది. కంటికి స్పష్టంగా తెలిసేంత వంకర ఉంటే అది చాలా ఎక్కువే అనుకోండి. 8 గేర్ల క్యాసెట్‌లో ఒక చక్రానికీ పక్క చక్రానికీ మధ్య దూరం సుమారు 4.8 మిల్లీమీటర్లు. 11 గేర్ల క్యాసెట్‌లో అది 3.7 దగ్గరికి దిగిపోతుంది. కాబట్టి 8 గేర్ల సైకిలు ఓర్చుకునే వంకరను 11 గేర్లది ఓర్చుకోదు.

సరిచేయడానికి హ్యాంగర్ గేజి అనే పొడుగు కడ్డీ పనిముట్టు ఉంటుంది. డీరెయిలర్ విప్పి, ఆ రంధ్రంలో దాన్ని బిగించి, రిమ్ముకు నాలుగు వైపులా దూరం కొలుస్తారు. నాలుగుచోట్లా తేడా 3, 4 మిల్లీమీటర్ల లోపుంటే సరిపోతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి తొక్కే జట్టు ఉంటే అందరూ కలిసి ఒకటి కొనుక్కోవడం మంచిది. అది లేనప్పుడు, రోడ్డు మీద, 5 మిల్లీమీటర్ల ఎలన్‌కీని డీరెయిలర్ బోల్టులో పెట్టి దాన్నే పిడిగా పట్టుకుని, రెండో చేత్తో డీరెయిలర్‌ను ఆనించి, మెల్లగా బయటికి లాగొచ్చు. ఒక్క ఊపున కాదు, కొంచెం లాగి, వెనక్కి పోయి చూసి, మళ్లీ కొంచెం. అల్యూమినియం రెండు మూడుసార్లు వంగితే పగులు పట్టి విరుగుతుంది. ఒకసారి బాగా వంగి సరిచేసిన హ్యాంగర్‌ను ఇంటికి చేర్చేదిగా మాత్రమే లెక్కపెట్టి, కొత్తది వేసుకోండి.

వైరు

అసలు పని ఇక్కడుంది. లోపల కదిలే వైరును షాపుల్లో ఇన్నర్ అంటారు, పైన నల్లటి తొడుగును ఔటర్ అంటారు. ఇన్నర్ ఔటర్ లోపల వెన్నలా జారాలి.

వైరు ఫ్రేము బయటి నుంచే పోయే సైకిలైతే ఇలా పరీక్షించండి. పెడల్ తిప్పుతూ చైనును క్యాసెట్ పెద్ద చక్రం మీదికి ఎక్కించండి. పెడల్ ఆపేయండి. ఇప్పుడు పెడల్ తిప్పకుండా, షిఫ్టర్‌ను చిన్న గేరు దాకా క్లిక్కు క్లిక్కుమని మొత్తం దించేయండి. చైను కదలదు కాబట్టి వైరు ఒక్కసారిగా వేలాడుతుంది. ఆ వదులుతో ఔటర్ కొసలను ఫ్రేము మీది గూళ్ల నుంచి బయటికి తీయండి. డీరెయిలర్ దగ్గర ఔటర్ మెలిక తిరిగి వెళ్లే ముక్కను ఎడమ చేత్తో పట్టుకుని, ఇన్నర్ మీద అటూ ఇటూ జరపండి. చేతికే తెలుస్తుంది. బాగున్నది బరువు లేనట్టు జారుతుంది. చెడింది ఇసుకలో గీసినట్టు గరగరమంటుంది. ఔటర్‌ను పక్కకు జరిపి, అది కప్పి ఉంచిన చోట ఇన్నర్‌ను చూస్తే ఎర్రటి, నల్లటి ముద్ద అంటి ఉంటుంది, కొన్నిచోట్ల తుప్పు మచ్చలు కూడా. చక్రం విసిరే దుమ్ము నేరుగా తగిలేది ఈ మెలికకే. అన్నిటికంటే ముందు చెడేది ఇదే.

తుప్పు లేకుండా వట్టి మురికే అయితే ఇన్నర్‌ను గుడ్డతో తుడిచి, ఒక చుక్క పల్చటి ఆయిలు వేళ్లతో రాసి, ఔటర్‌ను మళ్లీ గూట్లో పెట్టండి. గ్రీజు కూరొద్దు, అది గట్టిపడి మళ్లీ పట్టేస్తుంది. తుప్పు ఉన్నా, ఒక్క పోగు తెగి లేచి ఉన్నా, ఔటర్ నలిగినా రెండూ మార్చేయడమే మేలు. ఈ దుమ్ములో వారం వారం తొక్కేవాళ్లు ఏడాదికోసారి, వానకాలం వెళ్లాక, ఇన్నర్, ఔటర్ మార్చుకుంటే మిగతా ఏడాది గేర్ల మాటే ఎత్తనక్కర్లేదు.

వైరు ఫ్రేము లోపలి నుంచి పోయే సైకిళ్లకు ఈ పరీక్ష కుదరదు. డీరెయిలర్ దగ్గర వైరు బోల్టు వదులుచేసి, కొసను ప్లేయర్‌తో పట్టుకుని, అటు ఒకరు షిఫ్టర్ నొక్కుతుంటే ఇటు మీరు లాగుతూ వదులుతూ చూడండి. వాటిలో ఇన్నర్ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త: పాత వైరు లాగేసే ముందు దాని మీద నుంచే ఒక సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని ఫ్రేము లోపలికి దూర్చి ఉంచండి. లేకపోతే కొత్త వైరును చీకట్లో వెతుక్కున్నట్టే, ఒక పూట పోతుంది.

ఇంకో రెండు చోట్లు ఎవరూ చూడరు. ఒకటి పెడల్ ఇరుసు కింద, ఫ్రేము అడుగున. చాలా సైకిళ్లలో రెండు వైర్లూ అక్కడ ఒక ప్లాస్టిక్ ముక్క గాళ్లలోంచి పోతాయి. బురద, ఊక, బాటిల్ నుంచి కారిన గ్లూకోజ్ నీళ్లు, అన్నీ అక్కడే చేరి గట్టిపడతాయి. సైకిలును పక్కకు వంచి చూసి, పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లు వేసి రుద్దండి. రెండోది షిఫ్టర్ లోపల, వైరు గుండు ఉండే చోటు. అక్కడ వైరు చిన్న మలుపు తిరుగుతుంది కాబట్టి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. వారానికోసారి బ్యారెల్ బిగించాల్సి వస్తోందంటే, నొక్కుడు రోజురోజుకూ బరువెక్కుతోందంటే అనుమానం అక్కడికే పోవాలి. చిన్న గేరులో పెట్టి రబ్బరు తొడుగు పైకి లేపి, టార్చి వేసి చూడండి. తెగిన పోగులు కనిపిస్తే అదే రోజు మార్చండి. అది పూర్తిగా తెగి గుండు లోపల ఇరుక్కుంటే దాన్ని బయటికి తీయడం పెద్ద తంటా.

కొనేటప్పుడు మోసపోకుండా ఉండడానికి: గేరు ఇన్నర్ 1.2 మిల్లీమీటర్ల సన్నటిది, బ్రేకు ఇన్నర్ అంతకంటే లావు. ఔటర్లు పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ లోపల వేరు. గేరు ఔటర్‌లో తీగలు నిలువునా ఉంటాయి, నొక్కినా పొట్టి కాదు. బ్రేకు ఔటర్‌లో తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది, లాగినప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. ఊళ్లో దొరికింది కదా అని బ్రేకు ఔటర్ వేస్తే గేర్లు ఎప్పటికీ నిలకడగా పడవు. అదే తిరగేసి, బ్రేకుకు గేరు ఔటర్ వేస్తే గట్టిగా పట్టినప్పుడు చీలిపోయే ప్రమాదం ఉంది, ఆ పని ఎట్టి పరిస్థితుల్లో వద్దు. ఔటర్ కోశాక కొస చదునుగా ఉండాలి. ప్లేయర్ నొక్కుడుకు లోపలి రంధ్రం మూసుకుపోతే దబ్బనంతో మళ్లీ గుండ్రంగా చేసి, మూత తొడిగి పెట్టండి.

బిగుతు సరిచేయడం

వైరు స్వేచ్ఛగా జారుతోంది, హ్యాంగర్ నిటారుగా ఉంది. ఇప్పుడే బ్యారెల్ ముట్టుకోవాలి. వెనక డీరెయిలర్‌లోకి వైరు దూరే చోట చేత్తో తిప్పే చిన్న మరే బ్యారెల్. కొన్ని సైకిళ్లకు అది ఫ్రేము మీదో హ్యాండిల్ దగ్గరి వైరు మీదో ఉంటుంది. వెనక నుంచి చూస్తూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పితే అది బయటికి విప్పుకుని వైరును బిగిస్తుంది. ముల్లు తిరిగే దిశలో తిప్పితే వదులుతుంది.

కొత్త వైరైతే ముందు బ్యారెల్‌ను పూర్తిగా లోపలికి తిప్పి, ఒకటి రెండు చుట్లు వెనక్కి విప్పి ఉంచండి. షిఫ్టర్‌ను చిన్న గేరు దాకా దించి, చైను క్యాసెట్‌లోని అతి చిన్న చక్రం మీద ఉండగా, వైరును ప్లేయర్‌తో లాగి బోల్టు బిగించండి. బోల్టు కింద వైరు పడుకునే గాడి ఒకటి ఉంటుంది, వైరు అందులోనే ఉండాలి. గాడికి అటువైపు పెట్టి బిగిస్తే వైరు లాగే కొలతే మారిపోతుంది.

పెడల్ తిప్పుతూ ఒక క్లిక్కు వేయండి. చైను రెండో చక్రం ఎక్కకపోతే బ్యారెల్‌ను అర చుట్టు బిగించండి. ఎక్కాక, రెండో చక్రంలో ఉండగానే, మూడో చక్రానికి చైను తగిలి చిరచిరమని చప్పుడు మొదలయ్యేదాకా కొంచెం కొంచెంగా బిగిస్తూ పోండి. చప్పుడు మొదలైన చోట ఆగి, అది పోయేంత మాత్రమే వెనక్కి వదలండి. అదే సరైన బిగుతు. ఇక అన్ని గేర్లూ ఎక్కి దిగి చూడండి. తర్వాత ఎప్పుడైనా ఎక్కడం మందగిస్తే పావు చుట్టు బిగించండి, దిగడం మందగిస్తే పావు చుట్టు వదలండి. ఒకేసారి రెండు మూడు చుట్లు తిప్పాల్సి వస్తోందంటే మీరు పైన ఏదో దాటేసి వచ్చారు.

ఖాళీ చక్రం మీద సరిపోయింది బరువు పడితే తప్పొచ్చు. అందుకే రోడ్డు మీద ఒకసారి చూడాలి. ఊళ్లో గడ్డ లేకపోతే రైల్వే ఓవర్‌బ్రిడ్జి చాలు.

ఇప్పుడు ఆ రెండు స్క్రూలు

అవి హద్దులు మాత్రమే. హెచ్ అని రాసి ఉన్నది చైను చిన్న చక్రం దాటి ఫ్రేము వైపు పడకుండా, ఎల్ అని ఉన్నది పెద్ద చక్రం దాటి స్పోకుల్లో పడకుండా ఆపుతాయి. మధ్య గేర్లతో వాటికి ఏ సంబంధమూ లేదు. చైను హద్దు దాటుతున్నప్పుడు, లేదా చివరి గేరు అందనప్పుడు, లేదా డీరెయిలరో చక్రమో హ్యాంగరో మార్చినప్పుడు మాత్రమే వాటి పని.

వెనక నుంచి చూస్తే, వైరు వదులుగా ఉన్నప్పుడు పై జాకీ వీలు అతి చిన్న చక్రం బయటి అంచు కిందికి రావాలి. అది హెచ్. పెడల్ తిప్పుతూ డీరెయిలర్‌ను చేత్తో లోపలికి తోస్తే పై జాకీ వీలు పెద్ద చక్రం సరిగ్గా కింద ఆగిపోవాలి, ఇంకా ఎంత నెట్టినా పోకూడదు. అది ఎల్. లోపలికి బిగిస్తే హద్దు దగ్గరవుతుంది. పావు చుట్టుకు మించి ఒకేసారి వద్దు. ఎల్ విషయంలో పట్టుదలగా ఉండండి, స్పోకులకూ డీరెయిలర్‌కూ మధ్య ఉన్న కాపలా అదొక్కటే. హ్యాంగర్ వంగి ఉండగా ఎల్ బిగించి సరిపెట్టుకున్న సైకిలుకు, హ్యాంగర్ సరిచేశాక ఎల్ మళ్లీ కొత్తగా పెట్టాలి.

మూడో స్క్రూ ఒకటి వెనకగా ఉంటుంది, బీ స్క్రూ. పెద్ద చక్రం మీద చైను ఉన్నప్పుడు పై జాకీ వీలుకూ ఆ చక్రం పళ్లకూ మధ్య 5, 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా పెడితే చాలు. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూర్ దాటాక నల్లమల ఎక్కడానికి పెద్ద క్యాసెట్ వేయించుకున్నవాళ్లు దీన్ని తప్పక చూసుకోవాలి. మీ డీరెయిలర్ ఎన్ని పళ్లదాకా మోయగలదో కూడా కొనే ముందే చూసుకోండి.

ముందు గేర్లు

వీటికి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముందు డీరెయిలర్‌లో చైను దూరి పోయే పంజరం బయటి రేకు పెద్ద చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్లచక్రం) పళ్లకు 1 నుంచి 3 మిల్లీమీటర్ల ఎత్తులో, రింగుకు సమాంతరంగా ఉండాలి. ఈ రెండూ తప్పితే స్క్రూలు ఎంత తిప్పినా ఫలితం ఉండదు. పెద్ద రింగుకు ఎక్కట్లేదంటే వైరు ఢీలా. చిన్న రింగుకు దించినప్పుడు చైను లోపలికి పడిపోతుంటే ముందు డీరెయిలర్ మీది ఎల్ స్క్రూ పావు చుట్టు బిగించండి. ముందు డీరెయిలర్ రేకుకు చైను రాసుకుంటోందని నన్ను అడిగేవాళ్లలో చాలామందికి సైకిలులో ఏ తప్పూ ఉండదు. ఎడమ షిఫ్టర్‌లో అర క్లిక్కు ఒకటి ఉంటుంది, మెల్లగా నొక్కితే రేకు కొంచెం జరుగుతుంది. ముందు పెద్దది, వెనక పెద్దది కలిపి వేసుకోవడం మానేసినా సగం చప్పుడు పోతుంది.

అరిగిన చైను, జత కుదరని సామాను

చైను అరిగిందో లేదో కొలవడం చాలా తేలిక. ఒక పిన్ను మధ్య నుంచి స్కేలు పెట్టండి. కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్యభాగం వస్తుంది. ఆ పిన్ను అంగుళంలో పదహారో వంతు ముందుకు జరిగి ఉంటే చైను మార్చే సమయం వచ్చింది. 11, 12 గేర్ల వాళ్లు అక్కడే మార్చేయాలి, 8 నుంచి 10 గేర్ల వాళ్లు కాస్త ఆగొచ్చు. ఎనిమిదో వంతు జరిగిందంటే క్యాసెట్ కూడా అరిగిపోయి ఉంటుంది. అలాంటి క్యాసెట్ మీద కొత్త చైను వేస్తే మీరు ఎక్కువగా వాడే గేర్లలోనే జారుతుంది. చైనును వేళకు మార్చితే క్యాసెట్ రెండు మూడు చైన్లదాకా నిలుస్తుంది, డబ్బు మిగిలేది అక్కడే. పెడల్ తిప్పినప్పుడు చైను మొత్తం ఒకసారి తిరిగే లెక్కన, ఒకే తీరుగా టక్కుమంటుంటే మాత్రం అరుగుదల కాదు, ఏదో ఒక లింకు బిగుసుకుంది. చైనును వెనక్కి మెల్లగా తిప్పుతూ జాకీ వీలు దగ్గర చూడండి, వంగకుండా గెంతే లింకు దొరుకుతుంది. దాన్ని రెండు చేతుల బొటనవేళ్లతో అడ్డంగా అటూ ఇటూ వంచి, చుక్క ఆయిలు వేస్తే వదులుతుంది.

షిమానో కంపెనీ గేర్ సెట్లలో క్లారిస్‌కు వెనక 8, సోరాకు 9, టియాగ్రాకు 10, 105 అనే సెట్‌కు తరాన్ని బట్టి 10, 11 లేదా 12 గేర్లు. చైను కూడా మీ గేర్ల సంఖ్యకు తగిందే కొనాలి. సెకండ్‌హ్యాండ్ సామాను కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. గేర్ల సంఖ్య కలిసినంత మాత్రాన జత కలవదు. టియాగ్రా 4700 షిఫ్టరు 10 గేర్లదే, పాత 105 5700 డీరెయిలరూ 10 గేర్లదే. కానీ ఒక్కో క్లిక్కుకు వైరు లాగే కొలత వేరు, వాటిని కలిపితే ఏ బ్యారెలూ కుదర్చలేదు.

దారిలో వైరు తెగితే

వెనక వైరు తెగితే చైను అతి చిన్న చక్రం మీదికి జారిపోతుంది, అంటే అన్నిటికంటే బరువైన గేరు. డిండి దాటి అడవిలోకి పోయాక ఇలా జరిగితే కంగారుపడకండి. ముందు గేర్లు పనిచేస్తూనే ఉంటాయి, చిన్న రింగు వేసుకోండి. హెచ్ స్క్రూను లోపలికి బిగిస్తూ పోతే డీరెయిలర్‌ను రెండో చక్రం దాకా, కొన్నింటిలో మూడో చక్రం దాకా నెట్టొచ్చు. లేదా డీరెయిలర్‌ను చేత్తో మధ్య చక్రం కిందికి తోసి, మిగిలిన వైరు తునకను లాగి బోల్టు కింద బిగించేయండి, వైరు తెగింది షిఫ్టర్ దగ్గరైతే దాని కొసకు ఔటర్ దగ్గర ఒక ముడి వేయాలి. ఇంటికి వచ్చాక హెచ్ స్క్రూ మళ్లీ మొదటి చోటుకు పెట్టడం మరవకండి. ఎన్ని చుట్లు తిప్పారో ఫోనులో రాసుకుంటే మంచిది.

సీటు కింది సంచిలో ఒక గేరు ఇన్నర్, మీ సైకిలు మోడలుకు సరిపోయే హ్యాంగర్ ఒకటి ఉంచుకోండి. హ్యాంగర్లు వందల రకాలు, ఒకదానికొకటి పట్టదు. నల్గొండలోనో పాలమూరులోనో షాపులో అడిగి తెచ్చుకునే వస్తువు కాదది, ముందే తెప్పించుకోవాలి. కొనే ముందు పాతదాన్ని విప్పి, కాగితం మీద పెట్టి గీత గీసి, బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలిచి, ఫొటోతో పోల్చుకోండి. బస్సు డిక్కీలో పెట్టేటప్పుడు వెనక గేరు పెద్ద చక్రం మీద పెట్టండి, అప్పుడు డీరెయిలర్ లోపలికి ముడుచుకుంటుంది. చైను వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టి, మీద ఎవరి బస్తా పడకుండా డిక్కీ మూసేదాకా అక్కడే నిలబడండి.